జెనెవీవ్ న్నాజి మీద వ్యాసం: సినిమాల లెక్క ఎక్కడా కుదరడం లేదు

కాగితంపడవ:

నైజీరియా నటి జెనెవీవ్ న్నాజి మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం తయారుచేస్తున్నాను. 1979లో పుట్టిన దగ్గర్నుంచి 2019లో ఆస్కార్ గొడవ దాకా కథ బాగానే దొరికింది. కొన్ని చోట్ల మాత్రం ముడి విడటం లేదు.

మొదటిది సినిమాల సంఖ్య. ఒకచోట 80 పైచిలుకు అంటారు, ఇంకోచోట 100, మరోచోట 200. నా పట్టికలో ఇప్పటికి 120 వరసలున్నాయి. వాటిలో చాలావాటికి పార్ట్ 1, పార్ట్ 2 అని ఉంది. అవి ఒక సినిమా కిందికి వస్తాయా, రెండు కిందికా?

రెండోది, 2004లో ఆమెను నిషేధించారని అందరూ రాస్తున్నారు, ఎవరు నిషేధించారో ఎవరూ రాయడం లేదు. ప్రభుత్వమా, సెన్సారా, నటుల సంఘమా?

ఇంకోటి ఆమె దర్శకత్వం చేసి, నటించిన లయన్‌హార్ట్ సినిమా. ఇంగ్లిష్ ఎక్కువైందని ఆస్కార్ వాళ్లు పక్కన పెట్టారంటారు. పంపినవాళ్లు ఆ నియమం చూసుకోలేదా?

2010 తర్వాత ఆమె సినిమాలు బాగా తగ్గిపోయాయి. అవకాశాలు తగ్గాయని రాస్తే తప్పవుతుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాతక్యాసెట్:

ముందు లెక్క సంగతి చూద్దాం. 80, 200 రెండూ కాకిలెక్కలే. తేడా ఎక్కడ వస్తోందో తెలిస్తే మీ పట్టిక మీరే సరిచేసుకోగలరు.

ఆమె ఎక్కువ సినిమాలు చేసిన రోజుల్లో, అంటే 1998 నుంచి 2005, 2006 దాకా, నైజీరియాలో సినిమా అంటే థియేటర్లో ఆడేది కాదు. వీడియో క్యాసెట్ మీద, తర్వాత వీసీడీ మీద బజార్లో అమ్ముడుపోయే సరుకు. 1986లో నిర్మాణాత్మక సర్దుబాటు అనే ఆర్థిక విధానం వచ్చాక అక్కడి కరెన్సీ నైరా విలువ పడిపోయింది. ఫిల్ము కొనడం, విదేశంలో ల్యాబ్‌కు పంపడం తలకు మించిన భారమైంది. రాత్రిపూట బయటికి వెళ్లాలంటే భయం, థియేటర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1992లో కెన్నెత్ న్నెబ్యూ అనే వ్యాపారి ఇగ్బో భాషలో నేరుగా వీడియో మీద ఒక సినిమా తీయించి క్యాసెట్లుగా అమ్మాడు. అది విపరీతంగా పోయింది. పరిశ్రమ మొత్తం ఆ దారి పట్టింది.

క్యాసెట్ వ్యాపారంలో ఒక కథను ఒకే పెట్టెలో అమ్మితే ఒక్కసారే డబ్బు. రెండు పెట్టెల్లో అమ్మితే రెండుసార్లు. అందుకని పది పదిహేను రోజుల్లో ఒకే షెడ్యూల్లో తీసిన కథను ఎడిటింగ్ బల్ల మీద రెండు ముక్కలు చేసేవారు, ఒక్కోసారి మూడు, నాలుగు కూడా. పార్ట్ 1 సరిగ్గా గొడవ ముదిరిన చోట ఆగిపోతుంది. సెన్సార్ బోర్డు దగ్గర ఏ భాగానికి ఆ భాగం విడిగా నమోదవుతుంది. మీకు దొరికే జాబితాలు ఆ పెట్టెల్ని లెక్కపెట్టినవి. పెట్టెకొక వరస చొప్పున వేస్తే 200 దాకా పోవడం కష్టమేం కాదు.

ఒక ఉదాహరణ చూడండి. మీ 120 వరసల్లో 80 వరసలు 40 జంటలే అనుకుందాం. మిగతా 40 విడి సినిమాలు. అప్పుడు నిజమైన లెక్క 80. ఒకే పట్టిక ఒక పద్ధతిలో 120, ఇంకో పద్ధతిలో 80. రెండూ అబద్ధం కావు, కానీ ఏ పద్ధతిలో లెక్కపెట్టారో రాయకుండా అంకె మాత్రం రాస్తే దానికి విలువ లేదు.

జంటల్ని కలపాలా వద్దా అన్నది ఇలా తేల్చండి. పార్ట్ 1 చివరి సీను, పార్ట్ 2 మొదటి సీను పక్కపక్కన పెట్టి చూడండి. అవే బట్టలు, అదే విగ్గు, అదే ఇల్లు, టైటిల్స్‌లో అదే యూనిట్ అయితే ఒకే షూటింగ్, ఒకే సినిమా. కొన్నింట్లో పార్ట్ 2 మొదటి పది నిమిషాలూ పార్ట్ 1 చివరి పది నిమిషాలే, అది కూడా ఒకే షూటింగ్‌కి గుర్తు. పార్ట్ 1 బాగా అమ్ముడుపోయిందని ఏడాది తర్వాత కొనసాగింపు తీస్తే మాత్రం రెండు సినిమాలుగా వేయాలి. దర్శకుడు మారడం, కొత్త నటులు రావడం, హీరోయిన్ జుట్టు తీరు మారడం చూసి అది పట్టుకోవచ్చు.

ఇంకో చిక్కు, పేర్లు మార్చడం. యూట్యూబ్‌లో పాత సినిమాకు కొత్త పేరు పెట్టి, ఈ ఏడాది సినిమా అని రాసి ఎక్కిస్తారు. బొమ్మ నాలుగు మూలలా చతురస్రానికి దగ్గరగా ఉండి, అంచులు మసగ్గా, ధ్వని వెనక జనరేటర్ హోరు వినిపిస్తుంటే అది 2000 ప్రాంతపు వీడియో అని అనుమానించండి. వీడియో పేరు వదిలేసి, లోపల పడే టైటిల్ కార్డు, దర్శకుడి పేరు రాసుకోండి. టైటిల్ కార్డు కోసేసి ఉంటే చివరికి వెళ్లండి. దేవుడికే మహిమ అన్న కార్డు పడే చోట యూనిట్ పేర్లు చాలావరకు మిగిలే ఉంటాయి. ఒకే దర్శకుడు, ఒకే నలుగురు ముఖ్య నటులు, ఒకే కథ అయితే పేర్లు మూడున్నా సినిమా ఒక్కటే.

అట్ట మీద ఫొటోను కూడా నమ్మకండి. ఐదు నిమిషాలు కనబడిన తార ముఖాన్ని అట్ట నిండా వేయడం అప్పట్లో మామూలు. పాత్ర పేరు, సుమారు నిడివి మీ పట్టికలో ఒక గడిగా పెట్టండి. అది ఖాళీగా ఉన్న వరసను లెక్కలో కలపకండి.

సంవత్సరం దగ్గర కూడా ఇలాగే జారతారు. తీసిన ఏడాది, సెన్సార్ అయిన ఏడాది, బజార్లోకి వచ్చిన ఏడాది, ఇంటర్నెట్‌లోకి ఎక్కిన ఏడాది నాలుగూ వేరు కావచ్చు. ఏదో ఒకటి ఎంచుకుని మొత్తం పట్టికకు అదే వాడండి. నా సలహా, బజార్లోకి వచ్చిన ఏడాది. అది తెలియనిచోట సుమారు అని రాయడమే నిజాయితీ.

ఉపశీర్షిక:

పాతక్యాసెట్ గారి మాటకు ఒకటి కలపాలి. ఒకే పేరుతో వేరు వేరు సినిమాలున్న చోట జాగ్రత్త. జెనెవీవ్, ఒమొటోలా జలాడే కలిసి నటించిన 2003 నాటి బ్లడ్ సిస్టర్, 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన బ్లడ్ సిస్టర్స్ అనే సిరీస్ రెండూ వేరు. రెండోదానిలో వీళ్లిద్దరూ లేరు. లయన్‌హార్ట్ పేరుతో 1990లో ఒక అమెరికన్ కొట్లాట సినిమా ఉంది. వెతుకులాటలో ఇవన్నీ కలగాపులగమై వస్తాయి. 2002లో ఆమె షారన్ స్టోన్ అనే సినిమా చేసింది. అది నాయిక పాత్ర పేరు. దాన్ని చూసి హాలీవుడ్ నటితో కలిసి నటించిందని రాసినా రాస్తారు.

తెలుగులో పేరు గురించి కూడా. ఇంటిపేరును చాలామంది నాజీ అని రాసేస్తున్నారు. తెలుగు పాఠకుడికి ఆ అక్షరాలు కనబడగానే హిట్లర్ గుర్తొస్తాడు. అసలు పలుకుబడి కూడా అది కాదు. ఇగ్బోలో మొదటి న్ విడిగా ఒక మాత్ర పలుకుతుంది, దాని తర్వాత నా. కాబట్టి న్నాజి అని రాయండి, వత్తు తీసేయకండి. నటుడు న్కెమ్ ఓవో పేరుకూ ఇదే సూత్రం. ఎన్‌కెమ్ అని రాస్తే అది ఇంగ్లిష్ అక్షరం చదివినట్టు ఉంటుంది. ఆమె పుట్టిన ఊరు ఇమో రాష్ట్రంలోని మ్బాయిసే. మ్బా అంటే జనపదం, ఇసే అంటే అయిదు. అయిదు జనపదాల కూడిక అన్నమాట. కొన్నిచోట్ల లాగోస్‌లో పుట్టినట్టు రాశారు. పెరిగింది లాగోస్‌లో, పుట్టింది మ్బాయిసేలో.

తెరవెనుక:

2004 సంగతి నేను చెప్తాను. దీన్ని సరిగ్గా రాయకపోతే ఆమె కెరీర్ సగం అర్థం కాదు.

నిషేధం ప్రభుత్వానిది కాదు, సెన్సార్ బోర్డుదీ కాదు, నటుల సంఘానిదీ కాదు. మార్కెటర్లది. నైజీరియాలో ఆ మాటకు ప్రకటనలవాళ్లు అని అర్థం కాదు. లాగోస్ ద్వీపంలోని ఇడుమోటా బజారు, ఓజో దగ్గరి అలాబా, తూర్పున ఒనిచా, అబా బజార్లలో క్యాసెట్లు హోల్‌సేల్‌గా అమ్మే వ్యాపారులు. ఎక్కువమంది ఇగ్బోలు. పెట్టుబడి వాళ్లదే, పంపిణీ వాళ్లదే, ఎవరు నటించాలన్నదీ వాళ్లే చెప్పేవారు. అట్ట మీద ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ అని కనిపించే పేరు చాలావరకు అలాంటి వ్యాపారిదే. బ్యాంకు అప్పు లేదు, స్టూడియో లేదు, టికెట్ల లెక్క లేదు. బజారే ఆయువుపట్టు.

ఆ వ్యాపారానికి ఉన్న గడువు చాలా చిన్నది. క్యాసెట్ బజార్లోకి వచ్చిన కొద్ది వారాల్లోనే దొంగ కాపీలు దిగేవి. ఆలోపే పెట్టుబడి, లాభం రెండూ లాగేయాలి. కొనేవాడు కొట్టు ముందు నిలబడి వందల అట్టలు చూస్తాడు. సమీక్షలు చదవడు, ట్రైలర్ ఉండదు. తెలిసిన ముఖం కనిపించిన పెట్టె తీసుకుంటాడు. కాబట్టి ఆ నలుగురైదుగురు తారల ముఖాలకే గిరాకీ. వాళ్లకు అది తెలుసు, పారితోషికం పెంచారు. ఖర్చులో తార వాటా పెరిగినకొద్దీ వ్యాపారికి మిగిలేది తగ్గింది. ఒకేసారి రెండు మూడు సినిమాలు ఒప్పుకుని సెట్‌కి ఆలస్యంగా వస్తున్నారన్నది వాళ్ల రెండో ఫిర్యాదు. తార రాకపోతే అద్దె ఇల్లు, జనరేటర్‌కి పోసిన ఇంధనం, యూనిట్ భోజనాలు అన్నీ ఆ రోజుకు దండగ. పది పదిహేను రోజుల షెడ్యూల్లో రెండు రోజులు పోతే తట్టుకోవడం కష్టమే. వ్యాపారుల కోపంలో ఆ మేరకు న్యాయం ఉంది. కానీ ఒకేసారి మూడు సినిమాలు ఒప్పుకునే పరిస్థితి తెచ్చింది కూడా ఆ వారం వారం సరుకు దింపే బజారే.

2004 చివర్లో మార్కెటర్లంతా ఒక్కటై కొంతమంది నటులను ఏడాది పాటు సినిమాల్లోకి తీసుకునేది లేదని ప్రకటించారు. జెనెవీవ్, ఒమొటోలా, స్టెల్లా డమాసస్, రామ్సే నువా, రిచర్డ్ మోఫె డామిజో, జిమ్ ఐక్, ఎమెకా ఐకే, న్కెమ్ ఓవో. ఎనిమిది మంది. చట్టపరంగా దానికి బలం లేదు, కోర్టు ఉత్తర్వు కాదు, లైసెన్సు రద్దు కాదు. డబ్బు పెట్టేవాళ్లందరూ ఒకే మాట మీద ఉన్నారు, అంతే. అది చాలింది.

వ్యాసంలో నిషేధం అనే మాట ఒంటరిగా వాడకండి. మార్కెటర్ల బహిష్కరణ అనండి, ఎవరు, ఎందుకు అన్నది అక్కడే ఒక వాక్యంలో చెప్పండి. లేకపోతే పాఠకుడు ఏదో అసభ్య సినిమా కారణంగా సర్కారు శిక్షించిందనుకుంటాడు.

దాని ఫలితం కూడా రాయండి. బజారు తలుపు మూసింది గాని మిగతా తలుపులు తెరిచే ఉన్నాయి. 2004లోనే ఆమె లక్స్ సబ్బు ప్రచారానికి ముఖమైంది. ఆ ఏడాదే ఘనాలోని ఒక మ్యూజిక్ కంపెనీతో ఒప్పందం చేసుకుని పాటల ఆల్బం తెచ్చింది. 2005లో ఆఫ్రికా మూవీ అకాడమీ అవార్డులు బయెల్సా రాష్ట్రంలోని యెనగోవాలో మొదలయ్యాయి. మొట్టమొదటి ఉత్తమ నటి బహుమతి ఆమెకే వచ్చింది. ఈ మూడింటినీ బహిష్కరణ పక్కన పెట్టి చూడండి. బజారుకు బయట కూడా తనకు విలువ ఉందని ఆమెకు రుజువైన కాలం ఇది. తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నిటి వెనకా ఈ రెండేళ్లు ఉన్నాయన్నది నా గట్టి అభిప్రాయం. బహిష్కరణ తర్వాత సడలిపోయింది. ఎత్తేయక వ్యాపారులకు గత్యంతరం లేదు. ఆ ముఖాలు లేని పెట్టెలు నమ్మకంగా అమ్ముడుపోవుగా.

కాగితంపడవ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. పట్టికలో నిడివి గడి, ఆధారం గడి పెట్టాను. జంటలు కలుపుతుంటే ఇప్పటికే 31 వరసలు తగ్గాయి.

తెరవెనుక గారూ, ఒక సందేహం. బహిష్కరణకు ముందే ఆమె తారగా ఎలా ఎదిగింది? 8 ఏళ్లకే టీవీలో చేసిందని ఉంది. 19 ఏళ్లకి సినిమా. మధ్యలో 11 ఏళ్లు ఏమీ లేవా?

తెరవెనుక:

టీవీలో చేసింది రిపుల్స్ అనే సీరియల్లో, బాలనటిగా. జాతీయ టెలివిజన్ ఎన్‌టీఏలో వచ్చేది, జెబ్ ఎజిరో తీసింది. ఆ తర్వాత చదువు. యాబాలోని మెథడిస్ట్ బాలికల పాఠశాల, లాగోస్ విశ్వవిద్యాలయంలో సృజనాత్మక కళలు. యూనివర్సిటీలో ఉండగానే అవకాశాల కోసం తిరిగింది, 1998లో మోస్ట్ వాంటెడ్ అనే వీడియో సినిమాతో అడుగుపెట్టింది. కాబట్టి 11 ఏళ్ల ఖాళీ అనకండి, చదువుకున్న కాలం అనండి. ఎనిమిది మంది పిల్లల్లో నాలుగోది, తండ్రి ఇంజినీరు, తల్లి నర్సరీ బడి పంతులమ్మ. అంతకు మించి ఇంటి సంగతులు వ్యాసానికి అక్కర్లేదు.

కాలం కూడా కలిసొచ్చింది. 1992లో వీడియో మొదలైంది, 1994 ప్రాంతంలో ఇంగ్లిష్‌లో తీయడం ఊపందుకుంది. ఇగ్బోలో తీస్తే తూర్పు ప్రాంతంలోనే అమ్ముడవుతుంది, ఇంగ్లిష్‌లో తీస్తే దేశమంతా, పక్కన ఘనా దాకా పోతుంది. ఆమె వచ్చేనాటికి బజారు ఇంగ్లిష్ వైపు తిరిగి ఉంది. 2003లో మల్టీచాయిస్ వాళ్లు ఆఫ్రికా మ్యాజిక్ అనే శాటిలైట్ చానల్ పెట్టారు. నైజీరియా వీడియోలు రోజంతా ఖండమంతటా వేశారు. క్యాసెట్ చేరని ఊళ్లకీ ముఖాలు చేరాయి. ఖండమంతా ఆమె ముఖం తెలిసింది ఈ దారిలోనే.

ఒక్క మాట, నైజీరియా సినిమా పరిశ్రమను పిలిచే నాలీవుడ్ అన్న పేరు 1990ల సినిమాలకు తగిలించేటప్పుడు చూసుకోండి. ఆ పేరు ప్రపంచానికి తెలిసింది 2002లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన కథనం తర్వాత. అంతకు ముందు అక్కడివాళ్లు హోమ్ వీడియో అనేవారు. వ్యాసంలో 1998 నాటి సందర్భంలో ఆ మాటే వాడితే కాలం సరిగ్గా వినిపిస్తుంది.

మూడోవరస:

లయన్‌హార్ట్ గురించి రాయడానికి వచ్చాను. దీనిమీద తెలుగులోనే కాదు, చాలాచోట్ల మూడు తప్పులు కలిసి తిరుగుతున్నాయి.

మొదటి తప్పు: నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మొదటి నైజీరియా సినిమా అని. కాదు. లైసెన్సు మీద అంతకు ముందే నైజీరియా సినిమాలు అక్కడ ఉన్నాయి. నెట్‌ఫ్లిక్స్ తన ఒరిజినల్ అని ముద్ర వేసిన మొదటి నైజీరియా సినిమా ఇది. ఆ ముద్ర చూసి నెట్‌ఫ్లిక్స్ డబ్బుతో తీశారనుకోకండి. తయారైన సినిమాను కొన్నారు. 2018 సెప్టెంబరులో టొరంటో చిత్రోత్సవంలో తొలి ప్రదర్శన జరిగినప్పుడే ఆ కొనుగోలు ప్రకటించారు. 2019 జనవరి 4న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది.

రెండో తప్పు: ఆస్కార్ నామినేషన్ వచ్చి రద్దయిందని. నామినేషన్ దాకా వెళ్లలేదు. నైజీరియా తరఫున అధికారికంగా పంపిన మొదటి సినిమా ఇది. ఆ ఏడాది 93 దేశాలు సినిమాలు పంపాయి. 2019 నవంబరు తొలివారంలో ఆస్కార్‌లు ఇచ్చే అకాడమీ దీన్ని అనర్హం అని ప్రకటించింది, 92 మిగిలాయి. ఓటర్లకు సినిమా చూపించాల్సింది అదే వారంలో.

మూడో తప్పు: అకాడమీ అప్పటికప్పుడు నియమం మార్చిందని. నియమం పాతదే. అమెరికా బయట తీసిన పూర్తి నిడివి సినిమా అయి ఉండాలి, సంభాషణల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్ కాకుండా ఉండాలి. 2019 ఏప్రిల్లో మారింది విభాగం పేరు మాత్రమే. విదేశీ భాషా చిత్రం అన్నదాన్ని అంతర్జాతీయ చిత్రం చేశారు. పేరు చదివితే ఇక భాషతో పని లేదనిపిస్తుంది, లోపల నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. గొడవ పుట్టింది అక్కడే. సినిమా గంటన్నర పైచిలుకు, అందులో ఇగ్బో సుమారు 11 నిమిషాలు. ఆ లెక్క చూస్తే నిబంధన ప్రకారం నిలబడే అవకాశం మొదటినుంచీ లేదు.

మీరు అడిగిన ప్రశ్న, పంపినవాళ్లు చూసుకోలేదా అని. ఎంపిక చేసింది నైజీరియా ఆస్కార్ ఎంపిక కమిటీ, దానికి అధ్యక్షురాలు దర్శకురాలు చినేజె అన్యేనె. జెనెవీవ్, ఒమొటోలా నటించిన 2010 సినిమా ఈజే తీసింది ఆవిడే. ఎందుకు పంపారన్నది ఊహించి రాయకండి. మరుసటి ఏడాది ఏం పంపారో రాయండి, అదే సమాధానం చెప్తుంది: హౌసా, ఫుల్ఫుల్దే, అరబిక్ మాటలతో నడిచే ది మిల్క్‌మెయిడ్. దాంతో భాష చిక్కు తొలగింది.

ఇప్పుడు అసలు విషయం. అనర్హతను వ్యాసంలో నియమోల్లంఘన అని ఒక వాక్యంలో తేల్చేస్తే అన్యాయం. నైజీరియాలో 500 పైగా భాషలు. అధికార భాష ఇంగ్లిష్. సినిమాలో కథ తూర్పు ప్రాంతపు నగరం ఎనుగులో, ఒక ఇగ్బో కుటుంబపు బస్సుల కంపెనీ చుట్టూ తిరుగుతుంది. ఆఫీసులో ఇంగ్లిష్, ఇంట్లో తల్లిదండ్రులతో, మేనమామలూ బాబాయిలతో ఇగ్బో కలిసిన ఇంగ్లిష్, ఉత్తరాది వ్యాపారి ఇంటికి పోయినప్పుడు హౌసా. ఎనుగులో ఒక కంపెనీ అధికారి రోజంతా ఇలాగే మాట్లాడుతుంది. పాత్రలన్నిటిచేతా ఇగ్బో మాత్రమే మాట్లాడిస్తే అకాడమీకి సరిపోయేది, ఎనుగుకు సరిపోయేది కాదు. అనర్హత తర్వాత జెనెవీవ్ ట్విటర్లో చెప్పిన దాని సారమూ ఇదే: ఇన్ని భాషల మధ్య ఇంగ్లిష్ తమకు వంతెన, ఎవరు వలస పాలన చేయాలో తాము ఎంచుకోలేదు. అమెరికన్ దర్శకురాలు అవా డువర్నే కూడా అకాడమీని బహిరంగంగా ప్రశ్నించింది. దేశపు అధికార భాషలో తీసినందుకు ఆ దేశం ఎప్పటికీ పోటీ పడకూడదా అని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే, దానికి సరైన జవాబు రాలేదనే నా నమ్మకం.

తారాగణం మీద ఒక పేరా తప్పకుండా ఇవ్వండి. తండ్రి పాత్ర పీట్ ఎడోచీ. 1980లలో ఎన్‌టీఏ వాళ్లు థింగ్స్ ఫాల్ అపార్ట్ నవలను సీరియల్‌గా తీసినప్పుడు నాయకుడు ఒకొంక్వో పాత్ర వేసిన నటుడు. తల్లి పాత్ర గాయని ఒన్యెకా ఒన్‌వెను. బాబాయి గాడ్స్‌విల్ పాత్ర న్కెమ్ ఓవో. పైన తెరవెనుక గారు రాసిన ఎనిమిది మంది పేర్లు మళ్లీ చూడండి. 2004లో బజారు ఎవరికి తలుపేసిందో వాళ్లలో ఇద్దరు, 14 ఏళ్ల తర్వాత టొరంటోలో చూపించిన సినిమాకు ఇరుసులు. ఒకరు దర్శకురాలు, నాయిక. ఇంకొకరు ఆమెకు సమానంగా సినిమా మోసిన నటుడు.

ఉపశీర్షిక:

ఒక చిన్న సవరణ కూడా వేసుకోండి. ఆమె నైజీరియాలో మొదటి మహిళా దర్శకురాలని కొన్నిచోట్ల రాశారు. అది పొరపాటు. 1990ల్లోనే అమాకా ఇగ్వే వీడియో సినిమాలకు దర్శకత్వం, నిర్మాణం చేసింది. ఆవిడ 2014లో చనిపోయింది. మొదటి అన్న మాట ఎక్కడ కనిపించినా, దేనిలో మొదటి అని అడగండి.

పాతక్యాసెట్:

చివరి ప్రశ్నకు వస్తాను, 2010 తర్వాత ఎందుకు తగ్గాయి అన్నది. అవకాశాలు తగ్గాయని రాస్తే తప్పే అవుతుంది. సినిమా తయారయ్యే పద్ధతే మారింది.

2004లో లాగోస్ విక్టోరియా ఐలండ్‌లో సిల్వర్‌బర్డ్ గ్యాలరియా తెరిచారు. అక్కణ్నుంచి మల్టీప్లెక్సులు మెల్లగా తిరిగొచ్చాయి. థియేటర్లో వేయాలంటే రెండు పార్టులు కుదరవు, ఒకే గంటన్నర రెండు గంటల కథ కావాలి. ధ్వని శుభ్రంగా ఉండాలి, జనరేటర్ హోరు పెద్ద స్పీకర్లలో భరించలేం. షూటింగ్ రెండు వారాలు కాదు, నెలల తరబడి. 2010, 2011లో ఆమె చేసినవి చూడండి. ఈజే అమెరికాలో, నైజీరియాలో తీశారు. ది మిర్రర్ బాయ్ బ్రిటన్‌లో, గాంబియాలో. టాంగో విత్ మీ 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు. ఇలాంటి ఒక్కో సినిమా పట్టే కాలంలో 2002లో అయిదారు వీడియోలు అయిపోయేవి. సంఖ్య పడిపోవడానికి ముఖ్య కారణం ఇది.

రెండో కారణం, నిర్మాణం. భాగస్వాములతో కలిసి ది ఎంటర్‌టైన్‌మెంట్ నెట్‌వర్క్ అనే సంస్థ ద్వారా 2015లో రోడ్ టు యెస్టర్‌డే నిర్మించి నటించింది. దర్శకుడు ఇషాయా బాకో. అదే సంస్థ నుంచి తర్వాత లయన్‌హార్ట్ వచ్చింది, బాకో దానికి సహ రచయిత. రెంటి మధ్యా మూడేళ్లు. స్క్రిప్టు రాయించడం, డబ్బు కూర్చడం, ఎనుగులో షూటింగ్ అనుమతులు, పోస్ట్ ప్రొడక్షన్, చిత్రోత్సవాలకు పంపడం. నటనకు మాత్రమే డేట్లు ఇచ్చే మనిషికి ఈ పనులేవీ ఉండవు.

మధ్యలో 2013 నాటి హాఫ్ ఆఫ్ ఎ ఎల్లో సన్‌లో మిస్ అదెబాయో అనే చిన్న పాత్ర, 2018లో ఫార్మింగ్‌లో తోలు అనే పాత్ర ఉన్నాయి. ఫార్మింగ్ కూడా టొరంటోలోనే, లయన్‌హార్ట్ చూపిన ఏడాదే వేశారు. హాఫ్ ఆఫ్ ఎ ఎల్లో సన్ తేదీ రాసేటప్పుడు జాగ్రత్త. 2013లో టొరంటోలో ప్రదర్శించారు, నైజీరియాలో మాత్రం 2014 ఏప్రిల్లో రావాల్సింది సెన్సార్ బోర్డు దగ్గర ఆగి ఆగస్టులో విడుదలైంది. పట్టికలో బజారు ఏడాది పద్ధతి పెట్టుకున్నారు కాబట్టి థియేటర్ సినిమాలకు నైజీరియా విడుదల తేదీ వేయండి, చిత్రోత్సవం తేదీ పక్క గడిలో.

బహుమతులు, గుర్తింపులు కుప్పపోయకండి. 2005 ఆఫ్రికా మూవీ అకాడమీ అవార్డు, 2011లో దేశ ప్రభుత్వం ఇచ్చిన ఎంఎఫ్ఆర్ (మెంబర్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ది ఫెడరల్ రిపబ్లిక్) పురస్కారం చాలు. 2009లో ఓప్రా షోలో ఆఫ్రికా జూలియా రాబర్ట్స్ అన్నారని ప్రతిచోటా రాస్తారు. ఆ పోలిక ఒక్కసారి ప్రస్తావించి వదిలేయండి, శీర్షికలో మాత్రం పెట్టకండి. ఆమె చేసిన పనికి అరువు పేరు అక్కర్లేదు.

కాగితంపడవ:

చాలా స్పష్టత వచ్చింది. ఒకటే మిగిలింది. వ్యాసం రాసేముందు ఏవి చూడాలి? అన్నీ చూడటం కుదరదు.

మూడోవరస:

అన్నీ అక్కర్లేదు. వీడియో కాలానివి రెండు, థియేటర్‌వి రెండు, లయన్‌హార్ట్ చూడండి. వీడియోల్లో షారన్ స్టోన్ ఒకటి, 2005 నాటి గేమ్స్ విమెన్ ప్లే ఇంకొకటి. రెండు భాగాలూ ఒకే రోజు, వెంటవెంటనే చూడండి. కథను ఎక్కడ కోశారో, ఎందుకు అక్కడ కోశారో అప్పుడే అర్థమవుతుంది. డైలాగు తర్వాత డైలాగు క్లోజప్పుల్లో సాగుతుంది. విసుగనిపించినా దాటేయకండి. రీటేకులకు వీల్లేని ఆ వేగంలో ఆమె ముఖం ఎంత పొదుపుగా పనిచేస్తుందో చూడాలి. పక్కవాళ్లు గొంతు పెంచే చోట ఆమె చూపు దించుతుంది. ఆ అలవాటు లయన్‌హార్ట్ బోర్డు మీటింగ్ సీన్లలో కూడా కనిపిస్తుంది.

థియేటర్‌వాటిలో ఈజే, రోడ్ టు యెస్టర్‌డే. రెండోదాన్ని నిర్మాతగా మొదటి అడుగు అని గుర్తుపెట్టుకుని చూడండి. చివర్లో లయన్‌హార్ట్‌ను రెండుసార్లు చూడండి. మొదటిసారి కథ కోసం. రెండోసారి కాగితం, గడియారం పెట్టుకుని, ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారో సీను వారీగా రాసుకోండి. తండ్రితో ఎప్పుడు ఇంగ్లిష్, ఎప్పుడు ఇగ్బో, హౌసా ఎక్కడ వస్తుంది, అది రాగానే ఎదుటివాళ్ల తీరు ఎలా మారుతుంది. ఆ కాగితం ఆస్కార్ పేరాకి మీ సొంత ఆధారం అవుతుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూడండి. భాష మారిన చోట కొన్ని సబ్‌టైటిల్స్‌లో ఆ సంగతి రాస్తారు, కొన్నింట్లో రాయరు. రాయని చోట చెవినే నమ్ముకోండి. ఇగ్బో వాక్యం మధ్యలో ఇంగ్లిష్ మాట దొర్లితే ఆ వాక్యాన్ని మిశ్రమం కింద వేయండి, ఏదో ఒక వైపు తోసేయకండి.

పాతక్యాసెట్:

కాగితంపడవ గారూ, పట్టిక పూర్తయ్యాక కింద ఒక వాక్యం చేర్చండి: ఒకే షెడ్యూల్లో తీసిన భాగాలను ఒక సినిమాగా లెక్కించాం, పాత్ర నిర్ధారణ కానివాటిని కలపలేదు అని. తర్వాత ఎవరైనా కొత్త క్యాసెట్ పట్టుకొస్తే ఏ వరసలో చేర్చాలో వాళ్లకే తెలుస్తుంది.